తొమ్మిదో కాగితం

మా సంస్థవాళ్లు ఉత్సవ సంచిక వేశారు. పదవీ విరమణ చేసినవాళ్లందరి దగ్గరా జ్ఞాపకాలు రాయించుకున్నారు. గేటు దగ్గర సైకిళ్లకు టోకెన్లు ఇచ్చిన ఆయన జ్ఞాపకం కూడా అందులో ఉంది. బాగానే రాశాడు, కాదనను. ముప్పై ఒక్క ఏళ్లు అదే భవనంలో రెండో అంతస్తులో పనిచేసిన నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. సంచికలో నా ఫొటో లేదని అనను. గ్రూపు ఫొటోలో వెనక వరసలో ఉన్నాను. సరిగ్గా నా ముఖం మీద స్టేప్లర్ పిన్ను పడింది. నాకు వచ్చిన ప్రతిలోనే అలా పడిందేమోనని ఇంకో రెండు ప్రతులు చూశాను. వాటిలోనూ అంతే.

అందుకని ఇది వాళ్ల కోసం కాదు, మీకోసం రాస్తున్నాను. అశోక్ నగర్‌లో మా ఇంటి చుట్టూ ఉన్న హాస్టళ్లలో గదికి నలుగురు చొప్పున ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న పిల్లలున్నారే, మీ గురించే అంటున్నాను. మీలో కొందరు రేపు కుర్చీల్లో కూర్చుంటారు. మీ బల్ల మీదకు నాలాంటి ముసలివాడి ఉత్తరం వస్తుంది. దాన్ని ఏం చేయాలో మీ పుస్తకాల్లో ఉండదు. కాబట్టి ఒక్క కేసు చెబుతాను. వినండి.

నారాయణగూడలో మెయిన్ రోడ్డుకు లోపలగా ఒక సందులో ఉండేది మా సంస్థ. నేను మలేరియా విభాగంలో టెక్నీషియన్‌ను. రోగికి ఇచ్చిన మందు పనిచేస్తోందా లేదా అన్నది పూర్వం జ్వరం తగ్గిందో లేదో చూసి చెప్పేవాళ్లు. మా విభాగం పని వేరు. రోగి రక్తంలో ఉన్న మలేరియా పరాన్నజీవి జన్యువులనే చదివి చెప్పడం మా పని. జన్యువులో ఒక్క అక్షరం మారినా కొన్ని మందులకు పట్టు జారిపోతుంది. రోగి మింగుతూనే ఉంటాడు, పరాన్నజీవి బతుకుతూనే ఉంటుంది.

ఇందుకు మాకు కావలసింది వేలి చివర నుంచి తీసి, దళసరి కాగితం మీద ఎండబెట్టిన రక్తపు చుక్క. ఆ చుక్కలోంచి బస్సు కండక్టరు టికెట్ కొట్టినట్టు పంచ్‌తో చిన్న బిళ్ల కొడతాం. బిళ్లను ట్యూబులో నానబెట్టి, అందులోని జన్యు పదార్థాన్ని బయటికి తీసి, మనకు కావలసిన ముక్కను యంత్రంలో లక్షల ప్రతులు చేస్తాం. మీ వీధిలో జిరాక్స్ మిషన్ చేసే పనే అది. తేడా ఒక్కటే. జిరాక్సులో అసలు కాగితం మీద ఈగ మరక ఉంటే ఇది మరక అని కంటికి తెలుస్తుంది. మా యంత్రంలో పక్కవాడి రక్తం ఆవగింజలో వెయ్యో వంతు కలిసినా అది కూడా ముత్యంలాంటి ప్రతులుగా వస్తుంది. ఏది అసలో ఏది మరకో కంటికి తెలియదు.

కనుక మా దగ్గర ఒక నియమం ఉండేది. ఒక రోగి కాగితం కొట్టాక పంచ్‌ను స్పిరిట్‌తో తుడవాలి, మంట మీద చూపాలి, ఆ తర్వాత తెల్ల కాగితం మీద మూడుసార్లు ఉత్తి బిళ్లలు కొట్టాలి. అప్పుడే రెండో రోగి కాగితం ముట్టుకోవాలి. అందరూ మూడింటికి బదులు రెండే కొట్టేవారు, కొందరు ఒకటే. నేను మూడూ కొట్టేవాణ్ణి. అంతటితో ఊరుకోకుండా ఆ ఉత్తి బిళ్లలను ఒక గాజు మూతలో దాచి సాయంత్రం లెక్కపెట్టేవాణ్ణి. దీనికి నాకు దక్కిన బిరుదు 'కండక్టర్ సాబ్'. ఆ పేరు పెట్టింది కవాడిగూడ నుంచి వచ్చే నా తోటి టెక్నీషియన్. నాకంటే పన్నెండేళ్లు చిన్న. మంచివాడే. కానీ పెట్టిన పేరు పెట్టినట్టే ఉండిపోయింది.

ఒకరోజు పొద్దున్నే మెట్ల దగ్గర బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా. అడవి అంచున ఉన్న ఒక గూడెంలో ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూసే ఆరోగ్య కార్యకర్త ఆమె. డబ్బాలో తిండి లేదు. పదిహేడు రక్తపు కాగితాలున్నాయి. ఒక్కొక్కటీ విడివిడిగా కవర్లో పెట్టి, తేమ పీల్చే నీలం గుళికలు వేసి, నంబర్లు పెన్సిల్‌తో రాసి తెచ్చింది. సిరా అయితే చెరిగిపోతుందని ఆమెకు తెలుసు. మా దగ్గర డిగ్రీలు చదివి వచ్చినవాళ్లలో సగం మందికి తెలియదు.

"ఇవి జిల్లా ఆఫీసు ద్వారా రావాలి కదమ్మా" అన్నాను.

"ఆడ ఇస్తే నెల పెట్టుకుంటరు సారూ. పోయినసారి అట్లనే అయింది. అందుకే నేనే బస్సెక్కిన."

"అసలు సంగతేంటి?"

"గీ పదిహేడు మందికి మూడు రోజుల మందు నా కళ్ల ముందే మింగిపిచ్చిన. ఒక్క గోలీ పడేయనియ్యలే. అయినా మళ్ల జరం వస్తున్నది. మందు మంచిగ లేదంటే మావోళ్లు నన్నే తిడుతున్నరు, నువ్వే సక్కగ ఇయ్యలేదని. మందుల తప్పున్నదో, నా తప్పున్నదో జర చూసి చెప్పుండ్రి. మందుదే తప్పయితే వేరే మందు అడుగుత."

"పదిహేను రోజుల్లో చెబుతాను" అన్నాను.

ఆ మాట నేను ఇచ్చి ఉండకూడదు. జవాబు ఇచ్చే అధికారం నాది కాదు. మా విభాగాధిపతి మేడమ్ కాగితాలు తీసుకోవడానికి సంతకం పెట్టింది కానీ, 'దారిన పోయేవాళ్ల దగ్గర నమూనాలు తీసుకోకండి' అని నలుగురి ముందూ అంది. రాసి పెట్టుకున్నాను. ఆమెను దారిన పోయే మనిషి అనడం, నన్ను నలుగురి ముందు అనడం, రెండూ.

కాగితాలు కొట్టిన రోజు గురించి నిజం చెబుతాను. చెప్పకపోతే మిగతాది చెప్పే హక్కు నాకు లేదు.

ఎనిమిదో కాగితం కొట్టడం అయింది. తోటి టెక్నీషియన్ లోపలికొచ్చి, చేతిలో అట్ట ఊపుతూ, "అన్నా, నీ పేరు అచ్చయింది చూడు" అన్నాడు. అంతకు ముందు ఏడాది నేను రెండు వందల నమూనాలు ఒంటిచేత్తో చేసిన పని గురించి సదస్సులో పెట్టడానికి వేసిన పోస్టర్ అది. మేడమ్ పేరుంది. చేరి ఆరు నెలలైనా కాని ఇద్దరి పేర్లున్నాయి. అడుగున చిన్న అక్షరాల్లో 'సాంకేతిక సిబ్బందికి కృతజ్ఞతలు' అని ఉంది.

"ఇందులో నా పేరేది?"

"గదే అన్నా. సిబ్బంది అంటే నువ్వే గదా. నేనైతే ఒక్కటి గూడ చెయ్యలే."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. పావుగంట వాడితో, అక్కడ లేని మేడమ్‌తో, ఇంకా ఎవరెవరితోనో పోట్లాడాను. తర్వాత కూర్చుని పని మొదలుపెట్టాను. సాయంత్రం గాజు మూతలో ఉత్తి బిళ్లలు లెక్కపెట్టాను. పదిహేడు కాగితాల మధ్య పదహారు సందులు, సందుకు మూడు, నలభై ఎనిమిది ఉండాలి. నలభై ఐదు ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. నలభై ఐదే.

ఎక్కడ మరిచానో ఆలోచించనక్కర్లేదు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య నేను నా పేరు వెతుక్కుంటున్నాను.

తొమ్మిదోది మళ్లీ కొడదామంటే, అది ఏడాది కూడా నిండని పసిబిడ్డది. మిగతా అందరివీ కాగితానికి మూడేసి చుక్కలున్నాయి. ఆ బిడ్డది ఒక్కటే ఉంది. అది అయిపోయింది. రిజిస్టర్ తీసి రాశాను: ఎనిమిదో నమూనా తర్వాత పంచ్ శుభ్రం చేయలేదు, ఖాళీ బిళ్లలు కొట్టలేదు, తొమ్మిదో నమూనా ఫలితం లెక్కలోకి తీసుకోరాదు. కింద సంతకం పెట్టాను.

తోటి టెక్నీషియన్ నా భుజం మీదుగా చదివాడు. "ఏంది అన్నా ఇది? పాగల్ అయినవా? కొట్టెయ్ గా లైను."

"జరిగింది రాశాను."

"నేను రోజుకు నాలుగుసార్లు మరుస్త. ఎన్నడన్న రాసిన్నా? నీ చేతి రాతనే నీ మెడకు సుట్టుకుంటది, సూస్కో."

"సుట్టుకోనీ" అన్నాను. ముప్పై ఏళ్లుగా ఇతరుల రిజిస్టర్లలో తప్పులు రాయలేదని ఫిర్యాదులు చేసినవాణ్ణి. నాది రాయకుండా ఎలా ఉంటాను?

ఫలితాలు వచ్చాయి. పదిహేడింటిలో తొమ్మిది మందికి ఆ అక్షరం మారి ఉంది. మొదటి ఎనిమిదింటిలో నలుగురు. తొమ్మిదో బిడ్డ. ఆ తర్వాతి ఎనిమిదింటిలో నలుగురు. తొమ్మిదోది తీసేస్తే ఎనిమిది మంది. ఒకే గూడెంలో, మందు పూర్తిగా మింగినవాళ్లలో. ఆ చార్టు చూసినప్పుడు నాకు సంతోషం వేసిందని ఒప్పుకుంటాను. ఈసారి నా పేరు వేయక తప్పదనుకున్నాను. ఆ తర్వాత ఆమె డబ్బా గుర్తొచ్చి సిగ్గేసింది.

సమీక్షా సమావేశం ఆ వారమే పడింది. బయటినుంచి పెద్దలు ముగ్గురు వచ్చారు. మేడమ్ ఫలితాలు చూపించింది. నన్ను ప్రొజెక్టర్ పక్కన నిలబెట్టారు. చాయ్ ట్రే నా ముందు నుంచే రెండుసార్లు వెళ్లింది, ఆగలేదు. వచ్చినవాళ్లలో పెద్దాయన రిజిస్టర్ అడిగాడు. నేనే తెచ్చి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పైకి తోసి నా వాక్యం పైకి చదివాడు. గదిలో ఎవరో చిన్నగా నవ్వారు.

"ఇది రాసిందెవరు?"

"నేనే సార్."

"ఇంత నిజాయితీ గల మనిషి మీ విభాగంలో ఉండటం మీ అదృష్టమమ్మా" అని మేడమ్ వైపు తిరిగాడు. "అయితే ఈ ఫలితం నిలవదు. పంచ్ శుభ్రం చేయలేదని ఆయనే రాశాడు."

"సార్, నేను మరిచింది ఒక్క తొమ్మిదో దాని ముందే. ఒకటి నుంచి ఎనిమిది దాకా అంతకు ముందే అయిపోయాయి. తర్వాత చేసిన తప్పు ముందే కొట్టిన కాగితాల్లోకి ఎలా వెళుతుంది? పదో దాని ముందు మళ్లీ మూడూ కొట్టాను."

"ఒకచోట మరిచినవాళ్లు ఇంకోచోట మరవలేదని ఎలా చెప్పగలం?"

"లెక్క ఉంది సార్. మూడే తగ్గాయి."

"మీరు కూర్చోండి" అంది మేడమ్. నేను చుట్టూ చూశాను. నాకు కుర్చీ లేదు.

ఫలితం ఎదురుగా 'నిర్ధారణ కాలేదు' అని రాశారు. చూశారా పిల్లలూ, ఆ గదిలో నా మాట నమ్మింది ఒక్కచోటే. నేను తప్పు చేశానన్న చోట.

మేడమ్‌ను మొత్తంగా చెడ్డదని అనలేను. మర్నాడు పిలిచి తలుపు వేసి మాట్లాడింది. "చూడండి, మందు పనిచేయడం లేదని మనం ఒక్క లైన్ పైకి పంపితే ఆ జిల్లాలో మందు మీదే నమ్మకం పోతుంది. మింగేవాళ్లు కూడా మానేస్తారు. రేపు అది మన పొరపాటని తేలితే, మానేసి పోయిన ప్రాణాలకు ఎవరు జవాబు చెబుతారు?"

"నిజమే మేడమ్. అందుకే మళ్లీ చేద్దాం. పదహారు కాగితాల మీద ఇంకా చుక్కలున్నాయి. రెండు రోజుల పని."

"చేద్దాం. నేను చెబుతాను."

ఆమె చెప్పలేదు. పది రోజుల తర్వాత నన్ను స్టోరుకు మార్చారు. పదవీ విరమణకు దగ్గర పడినవాళ్లకు బరువు తగ్గించడమట. ఆ కాగితాలున్న అల్మారా తాళం తోటి టెక్నీషియన్‌కు ఇమ్మన్నారు, ఇచ్చాను. నేను స్టోరులో గాజు సీసాలు లెక్కపెడుతూ పైకి నాలుగు ఉత్తరాలు రాశాను: కాగితాలు పాడు కాకముందే పరీక్ష చేయండి, గుళికలు మార్చండి అని. నాలుగింటికీ అందినట్టు ముద్ర ఉంది. జవాబు లేదు.

ఇక్కడ మీరు ఒకటి అడగవచ్చు. ఉత్తరాలు రాసే బదులు రెండో అంతస్తు మెట్లెక్కి వాణ్ణి, 'తమ్ముడూ, గుళికలు మార్చు' అని నోటితో అడగొచ్చు కదా అని. అడగొచ్చు. పోస్టర్ రోజు నుంచి నేను వాడితో మాట్లాడటం లేదు. ఇది నేను ఎవరికీ చెప్పని సంగతి.

వానాకాలం వెళ్లాక ఏదో తనిఖీ అంటే అల్మారా తెరిచారు. నన్నూ పిలిచారు. కిటికీ పక్క గోడంతా చెమ్మ. నీలం గుళికలు తేమ నిండి గులాబీ రంగుకు తిరిగి ఎన్నాళ్లయిందో. కాగితాల మీద బూజు బొంత కప్పినట్టు పరుచుకుంది. పెన్సిల్ నంబర్లు మాత్రం శుభ్రంగా కనిపిస్తున్నాయి.

"కసమ్ అన్నా, నేను గా అల్మారీ దిక్కే పోలే" అన్నాడు వాడు. వాడి ముఖం చూశాను. అబద్ధం కాదు. పోలేదు. అదే సమస్య.

ఆ వారంలోనే మేడమ్‌ను బతిమాలి బూజు లేని అంచుల్లోంచి ఐదు కాగితాలు కొట్టాను. సందుకు మూడు కాదు, పది ఉత్తి బిళ్లలు కొట్టాను. యంత్రంలో ఏమీ రాలేదు. ఐదూ ఖాళీ.

ఈ లోపల ఆమె ఫోన్లు చేస్తూనే ఉంది. మొదటిది సరిగ్గా పదహారో రోజున. "సారూ, గా కాగితాల సంగతేమాయె?" ఇంకా చూస్తున్నారమ్మా అన్నాను. నెల తర్వాత మళ్లీ. చూస్తున్నారమ్మా. ప్రభుత్వం మాట్లాడినట్టు మాట్లాడటం నాకు అంత తొందరగా వచ్చేసింది. ఎనిమిది మందికి మార్పు కనిపించిందని ఆమెకు చెప్పేద్దామా అని చాలాసార్లు అనుకున్నాను. నిర్ధారణ కానిది బయటికి చెప్పకూడదన్నది నియమం. నియమాలు పాటించేవాణ్ణి కదా, పాటించాను.

చివరి ఫోను దసరా ముందు వచ్చింది. నేను చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలు కొంటున్నాను. గొంతు గుర్తుపట్టలేదు.

"నేనే సారూ. మా వదిన పోయింది."

"ఎప్పుడు?" అన్నాను.

"మొన్న. మళ్ల జరమొచ్చింది. మళ్ల గదే మందిచ్చిన. తగ్గుతదనుకున్న. మూడో దినం సోయి తప్పింది. దవాఖానకు తీస్కపోయేసరికి... మా వదినది నాలుగో నంబరు కాగితం. నేనే రాసిన. సారూ, ఒక్కటి చెప్పుండ్రి. మందు పని చెయ్యలేదా, నేను దవాఖానకు తీస్కపోవుడు లేటు చేసిన్నా?"

నాలుగో కాగితం. మొదటి ఎనిమిదింటిలో అక్షరం మారిన నలుగురిలో ఒకటి. నా తప్పుకు ముందే కొట్టినది.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

"మీకు తెల్వకుంటే ఇంకెవలకు తెలుస్తది సారూ?" కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తడం లేదు.

రిటైరై రెండేళ్లయింది. సంస్థకు రాశాను. జిల్లాకు రాశాను. పై కార్యాలయానికి రాశాను. ఒకచోట నుంచి 'మీ ఉత్తరం సంబంధిత విభాగానికి పంపబడినది' అని వచ్చింది. ఆ సంబంధిత విభాగం నేను పనిచేసినదే. సమాచార హక్కు కింద అడిగితే 'నమూనాలు అందుబాటులో లేవు' అన్నారు. అవి పాడైపోతాయని మొదట రాసింది నేను. మా వీధిలో జిరాక్స్ షాపతను, కరెంట్ అఫైర్స్ కట్టల మధ్యలోంచి తలెత్తి, "సార్, మళ్ల గదే ఉత్తరమా? ఒరిజినల్ నా దగ్గర్నే పెట్టిపోరాదుండ్రి" అంటాడు.

మొన్నీమధ్య చిక్కడపల్లి ఇరానీ హోటల్లో తోటి టెక్నీషియన్ కనిపించాడు. వాడే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. రెండు చాయ్‌లు చెప్పాడు.

"ఇంక ఇడిచిపెట్టు అన్నా. ఎవనికి గావాలె?"

"ఆమెకు కావాలి."

వాడు చాయ్ సాసర్లో పోసుకుని తాగలేదు. "నీకొక మాట చెప్పాల్నా? నువ్వు రాసిన గా లైను తర్వాత మన దగ్గర ఎవ్వడు రిజిస్టర్ల తప్పు రాస్తలేడు. ఒక్కడు గూడ. అందరికీ నీ కథ చెప్తరు. కొత్తగ వచ్చినోళ్లకు ట్రైనింగుల చెప్తరు, అట్ల రాస్తే ఏమైతదో సూడుండ్రి అని. ఇప్పుడు రిజిస్టర్లు అద్దం లెక్కన ఉన్నయి అన్నా. ఒక్క మరక లేదు."

నా జీవితంలో నేను ఒక సంస్థకు నేర్పగలిగింది అదొక్కటే. ఉత్సవ సంచికలో ఎవరూ రాయలేదు కానీ, నా ప్రభావం అంటూ ఉంటే అదే.

నన్ను ఓదార్చాలనుకునేవాళ్లు, నువ్వు నిజం రాశావు, అది చాలదా అంటారు. చాలదు. మందు మారలేదు. ఆ గూడెంలో మళ్లీ రక్తం తీసినవాళ్లు లేరు. నేను చెప్పినదే నిజమని నేనూ గట్టిగా అనలేను. పంచ్ ఇంకెక్కడైనా మరిచానేమో, మూడు బిళ్లలు లెక్కలో తేడా పడ్డాయేమో అని ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది. ఒక్కోసారి ఏ అనుమానమూ లేదు. ఈ రెండింటి మధ్య ఎన్నాళ్లు కూర్చోమంటారు?

అయ్యా, అమ్మా, సంబంధిత విభాగంలో ఎవరు కూర్చుని ఉంటే వాళ్లకు రాస్తున్నాను. నా పేరు పోస్టర్ మీద వేయమని అడగడం లేదు. ఆ గూడెంలో జ్వరం తిరగబెట్టినవాళ్ల వేలి నుంచి కొత్తగా రక్తం తీయించండి. నమ్మకమైనవాళ్లతో, నేను కానివాళ్లతో పరీక్ష చేయించండి. తప్పు నా పంచ్‌దని తేలితే ఆ మాట కాగితం మీద రాసి నాకు పంపండి. నేనే బస్సెక్కి వెళ్లి ఆమెకు చదివి వినిపిస్తాను. మందుదని తేలితే మీరు వెళ్లండి. వెళ్లి, నీ తప్పేమీ లేదమ్మా, నువ్వు ఆలస్యం చేయలేదు అని ఆమె ఇంటి ముందు నిలబడి చెప్పండి. రెండింటిలో ఏదైనా సరే. 'పంపబడినది' అని మాత్రం రాయకండి. నాలుగో కాగితం మనిషి ఎందుకు చనిపోయింది? చెప్పండి.